నీతి పాఠం పేరుతో టికెట్లు: నర్సులు, లెక్చర్లు, 'ఆడవాళ్లకు మాత్రమే' షోలు (పాత అమెరికా సినిమాల చర్చ)

పాతరీలు
ఈ మధ్య 1930ల నాటి అమెరికా 'హెచ్చరిక' సినిమాలు వరసపెట్టి చూస్తున్నాను. పిల్లలు ఎలా పాడైపోతారు, సుఖవ్యాధులు ఎలా వస్తాయి, గంజాయి పీలిస్తే ఏమవుతుంది, ఈ బాపతు. చాలావాటికి మొదట్లో పెద్ద అక్షరాల కార్డు ఒకటి వస్తుంది. తల్లిదండ్రులారా, నిజాన్ని దాచిపెట్టడం వల్లే ఈ అనర్థాలు, మీ కళ్లు తెరిపించడానికే ఈ చిత్రం అన్న ధోరణిలో. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు దీన్ని 'స్క్వేర్-అప్' అనేవాళ్లట.

1934 నాటి 'ది రోడ్ టు రూయిన్' చూడండి. బుద్ధిమంతురాలైన హైస్కూలు అమ్మాయి. సిగరెట్టు, మందు, మగస్నేహం. ఈతకొలను దగ్గర పార్టీలో పాచికలాట, ఓడినవాళ్లు ఒక్కో బట్టా తీసేయాలి. కెమెరాకి అక్కడ ఏమాత్రం తొందర ఉండదు. ఆఖర్న గర్భస్రావం వికటించి అమ్మాయి చనిపోతుంది. చూపించాల్సిందంతా తీరిగ్గా చూపించి చివర్లో పిల్లని చంపేస్తే నీతి చెప్పినట్టే లెక్క.

నా ప్రశ్న ఒక్కటే. వీళ్లలో నిజంగా జనానికి చెబుదామని తీసినవాళ్లు ఉన్నారా, లేక మొత్తం వేషమేనా?

చిట్టిబాబు_70ఎంఎం
అన్నా, ఇవి మన మార్నింగ్ షోలకు తాతలు. 'పెద్దలకు మాత్రమే' అని పోస్టర్ మీద సినిమా పేరు కంటే పెద్దగా వేసేవాళ్లు. అది హెచ్చరికో ఆహ్వానమో మా ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు. హాలు నిండేది.

గుంటూరు_లైబ్రరీ
1930ల దగ్గర మొదలుపెడితే సగం కథ పోతుంది. 1913లో జార్జ్ లోన్ టకర్ 'ట్రాఫిక్ ఇన్ సోల్స్' తీశాడు, యూనివర్సల్ విడుదల చేసింది. న్యూయార్క్‌లో అమ్మాయిలను మాయమాటలతో పట్టుకుని వ్యభిచార గృహాలకు అమ్మే ముఠా కథ. ఊరు గాని ఊరు వచ్చిన వలస పిల్లలు, మిఠాయి కొట్టులో పనిచేసే చెల్లెలు, వీళ్లంతా బాధితులు. అన్నిటికన్నా పెద్ద మెలిక, ఆ ముఠాకు పెద్ద తలకాయ ఎవరంటే సంఘ సంస్కరణ సంస్థకు అధ్యక్షుడుగా ఉన్న పెద్దమనిషే! ఈ రకం సినిమాల గురించి ఇవాళ మనం అనే 'నీతి ముసుగు' మాట వాళ్లు మొదటి అడుగులోనే కథగా పెట్టేశారు. ఇది బాగా ఆడేసరికి వెంటనే పోటీ సినిమా వచ్చింది. పోలీసులూ వచ్చారు.

మరుసటి ఏడు 'డ్యామేజ్డ్ గూడ్స్'. సిఫిలిస్ ఉన్నా దాచిపెట్టి పెళ్లి చేసుకునే మగవాడి కథ, యూజీన్ బ్రియూ అనే ఫ్రెంచి రచయిత నాటకం ఆధారం. నాటకాన్ని అమెరికా వేదిక ఎక్కించిన రిచర్డ్ బెనెట్టే సినిమాలోనూ నటించాడు. ఇది మాత్రం కపటమని నేననను. వైద్యులు దీని వెనక నిలబడ్డారు.

ఆ తర్వాత ప్రభుత్వమే రంగంలోకి దిగింది. మొదటి ప్రపంచయుద్ధం, 1918, సైనికులకు సుఖవ్యాధులు రాకుండా 'ఫిట్ టు ఫైట్' తీయించారు. యుద్ధం అయ్యాక దాన్నే కాస్త మార్చి 'ఫిట్ టు విన్' అని పౌరుల థియేటర్లకు పంపితే గొడవ మొదలైంది. న్యూయార్క్‌లో ఆపేశారు, కోర్టు కూడా ఆపినవాళ్ల వైపే తీర్పిచ్చింది. బ్యారక్‌లో పాఠం, బయట బూతు. రీలు మాత్రం దాదాపు అదే.

ప్లీడరు_బాబాయ్
చట్టం సంగతి నేను చెబుతాను. 1915లో అమెరికా సుప్రీంకోర్టు మ్యూచువల్ ఫిల్మ్ కేసులో సినిమా అనేది శుద్ధ వ్యాపారం, దానికి వాక్‌స్వాతంత్ర్యం వర్తించదు అంది. అంతటితో ఏ రాష్ట్రమైనా, ఏ ఊరైనా సొంత సెన్సారు పెట్టుకోవచ్చు.

దానికి భయపడి హాలీవుడ్ పెద్ద కంపెనీలు తమంతట తామే నియమాలు రాసుకున్నాయి. 1927లో ఒక జాబితా, 1930లో ప్రొడక్షన్ కోడ్, 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ ఆఫీసు గట్టి అమలు. ఆ ఆఫీసు ఆమోద ముద్ర లేని సినిమా వేస్తే 25 వేల డాలర్ల జరిమానా. ఇప్పుడు ఆ నిషేధాల జాబితా చదవండి: లైంగిక ఆరోగ్యం, సుఖవ్యాధులు, ఆడవాళ్ల అక్రమ రవాణా, ప్రసవ దృశ్యం, మత్తుమందుల వ్యాపారం.

పాతరీలు గారూ, మీరు చూస్తున్న సినిమాల కథలన్నీ ఇందులో లేవూ? కోడ్ రాసినవాళ్లు ఈ చిల్లర నిర్మాతలకు ఉచితంగా మెనూ కార్డు అచ్చేసి ఇచ్చారు. మెట్రో, పారామౌంట్ వాళ్లు ముట్టుకోని విషయం కాబట్టి పోటీ లేదు. తారలు అక్కర్లేదు, సెట్లు అక్కర్లేదు. సెన్సారు ముందు నిలబడ్డప్పుడు మాత్రం అది విద్య అని నిరూపించుకోవాలి. అందుకే కార్డు, అందుకే డాక్టరు పాత్ర, అందుకే చివర్లో చావు.

డాక్టరమ్మ_కాకినాడ
వైద్యం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. 1934 నవంబరులో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ థామస్ పారన్ సీబీఎస్ రేడియోలో ప్రసంగించాలి. 'సిఫిలిస్', 'గనేరియా' అన్న మాటలు పలకడానికి వీల్లేదన్నారు. ఆయన అసలు ప్రసంగమే మానేశాడు. ఒక రాష్ట్రానికి ఆరోగ్యాధికారి రేడియోలో జబ్బు పేరు చెప్పకూడదు. అదే మాట ఊరి చివర డొక్కు థియేటరులో తెరమీద ఇంత పెద్ద అక్షరాల్లో!

1938 నాటి 'సెక్స్ మ్యాడ్‌నెస్' నేనూ చూశాను. నటన ఘోరం. కానీ కథలో ఒక నకిలీ డాక్టరు ఉంటాడు, నయమైపోయిందని చెప్పి పంపేస్తాడు, ఆ అమ్మాయి నమ్మి పెళ్లి చేసుకుని భర్తకు అంటిస్తుంది. ఇది ఆ రోజుల్లో నిజంగా జరిగేదే. పెన్సిలిన్‌తో సిఫిలిస్ తగ్గుతుందని తేలింది 1943లో. అంతకుముందు ఆర్సెనిక్ మందు సూదులు, నెలల తరబడి చికిత్స. మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ. సరైన డాక్టరు దగ్గరకు వెళ్లు, కోర్సు పూర్తి చెయ్ అన్న మాట తప్పు కాదుగా. అలాగని ఆ డాన్సుల సీన్లు వైద్యం కోసం పెట్టారని నేను నమ్మను.

ఒహాయో_శారద
మేముండేది సిన్సినాటి దగ్గర. ఇక్కడికి కాస్త దూరంలో విల్మింగ్టన్ అని చిన్న ఊరు. ఈ రకం సినిమా మొత్తంలో అందరికన్నా ఘనుడు అక్కడివాడే, క్రోగర్ బ్యాబ్. కంపెనీ పేరు 'హైజీనిక్ ప్రొడక్షన్స్', పేరులోనే డెట్టాల్ వాసన. 1945లో 'మామ్ అండ్ డాడ్' అని సినిమా దింపాడు. 60 వేల డాలర్ల పైచిలుకుతో అయిపోయింది, విలియం బొడీన్ అనే స్పీడు దర్శకుడితో తీయించాడు.

కథ ఏముంది? అమ్మాయి డాన్సులో పైలట్‌ను కలుస్తుంది, గర్భం వస్తుంది, అతను విమాన ప్రమాదంలో పోతాడు. తల్లి మహా ఛాందసురాలు, ఏనాడూ ఏమీ చెప్పలేదు. పిల్లలకు ఈ సంగతులు చెప్పబోయిన మాస్టారి ఉద్యోగం ఊడుతుంది. ఇంతే. అసలు సినిమా తెర బయట నడుస్తుంది.

ముందు ఒక మనిషి ఊళ్లోకి దిగుతాడు. ఊరంతా కరపత్రాలు. ఈ బూతు సినిమాను ఆపండి అని చర్చికీ పేపరుకూ ఉత్తరాలు కూడా బ్యాబ్ మనుషులే రాసి పంపేవాళ్లు. పక్క ఊరి మేయరు పేరు పెట్టుకుని ఒకటి, మా ఊళ్లో అమ్మాయిలు దీనివల్ల బాగుపడ్డారు అని. గొడవ వాళ్లదే, సమాధానం వాళ్లదే. ఊళ్లో పెద్దలు రెండు వర్గాలు అయ్యేసరికి టికెట్లు అయిపోయేవి.

ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఏడింటికి. మగవాళ్లకు రాత్రి తొమ్మిదింటికి. కలిపి వేయరు. గుమ్మం దగ్గర తెల్ల డ్రెస్సుల్లో నర్సులు, ఎవరైనా కళ్లు తిరిగి పడితే చూడటానికట. సినిమా సగంలో ఆపేసి లైట్లు వేస్తారు. 'ప్రఖ్యాత ఆరోగ్య వ్యాఖ్యాత ఎలియట్ ఫోర్బ్స్' స్టేజీ ఎక్కి గంభీరంగా ఉపన్యాసం. అది పూర్తయ్యాక అసలు పని: మగపిల్లలకు ఒక పుస్తకం, ఆడపిల్లలకు ఒక పుస్తకం, ఒక్కోటి డాలరు. రాసింది బ్యాబ్ భార్య మిల్డ్రెడ్ హార్న్. అచ్చుకు అయ్యే ఖర్చు ఎనిమిది సెంట్ల లెక్కన. ఇందాకటి నర్సులే కుర్చీల వరసల మధ్య తిరుగుతూ చేతికిచ్చి డబ్బు పుచ్చుకుంటారు. అవన్నీ అమ్ముడుపోయాకే మళ్లీ లైట్లు ఆర్పి ప్రసవం, సిజేరియన్, సుఖవ్యాధుల రీళ్లు వేస్తారు. టికెట్ డబ్బులో థియేటరువాడికి వాటా ఉంది. పుస్తకం డబ్బు నేరుగా బ్యాబ్ జేబులోకే.

చిట్టిబాబు_70ఎంఎం
ఈ ఎలియట్ ఫోర్బ్స్ ఎవరు మేడమ్? డాక్టరా?

ఒహాయో_శారద
అలాంటి మనిషే లేడు. ఒకే రాత్రి అరడజను రాష్ట్రాల్లో అరడజను మంది ఎలియట్ ఫోర్బ్స్‌లు మాట్లాడుతుండేవాళ్లు. గొంతు బాగున్న నటుడో, పని లేని సేల్స్‌మనో. నల్లజాతి వాళ్ల థియేటర్లకు మాత్రం ఆ పాత్ర జెస్సీ ఓవెన్స్ చేశాడు. అవును, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు కొట్టిన ఓవెన్సే.

చిట్టిబాబు_70ఎంఎం
హిట్లర్ ముందు పరుగెత్తినవాడు ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్ముకోవాల్సి వచ్చిందా. ఛ.

మాధవి_రాతలు
అందరూ ఆడవాళ్ల షోను ట్రిక్కు అని నవ్వేసి వెళ్లిపోతున్నారు. ట్రిక్కే, కాదనను. కానీ 1945లో ఒక పల్లెటూరి అమ్మాయి సంగతి ఊహించండి. స్కూల్లో చెప్పరు, తల్లి చెప్పదు, సినిమా కోడ్ ఒప్పుకోదు, రేడియో పలకదు. ఊళ్లో ఆడవాళ్లంతా ఒకే హాల్లో కూర్చుని, పక్కన మగవాడనేవాడు లేకుండా, బిడ్డ ఎలా పుడుతుందో మొదటిసారి చూశారు. అమ్మినవాడు మోసగాడు అయినంత మాత్రాన చూసినవాళ్లు చూసింది అబద్ధమైపోదు.

1938లో ఒక తల్లీబిడ్డల సంక్షేమ సంఘం, డాక్టర్ల మద్దతుతో 'ది బర్త్ ఆఫ్ ఎ బేబీ' అని మర్యాదగా ఒక సినిమా తీయించింది. అర్ధనగ్న డాన్సులు లేవు, ఏమీ లేవు. అందులోని ఫొటోలు లైఫ్ పత్రిక వేస్తే చాలా ఊళ్లలో ఆ సంచికను నిషేధించారు. పత్రిక ప్రచురణకర్త రాయ్ లార్సెన్ కావాలని ఒక కాపీ అమ్మి అరెస్టయి, కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. మర్యాదగా చెప్పబోతే ఇదీ గతి. అప్పుడు ఆ ఖాళీలోకి బ్యాబ్ రాక ఎవరు వస్తారు?

పాతరీలు
మాధవి గారూ, మీ వాదన బలంగానే ఉంది. కానీ ఒక్క సంగతి. ప్రసవం రీలు పక్కనే సిఫిలిస్ పుండ్ల రీలు. అంటే ఆ అమ్మాయి మనసులో బిడ్డ పుట్టడం, రోగం, సిగ్గు, చావు అన్నీ ఒకే ముద్దగా పడ్డాయి. మూర్ఛపోయేలా చేసి పంపడం విజ్ఞానం ఎలా అవుతుంది?

మాధవి_రాతలు
భయపెట్టారు, ఒప్పుకుంటా. మన దగ్గర హైస్కూలు సైన్సు పుస్తకంలో ఆ పాఠం టీచరు 'మీరే చదువుకోండి' అని దాటేస్తారు చూడండి, ఆ మౌనం కంటే ఇది ఎంత ఘోరమో మాత్రం నాకు ఇంకా తేలలేదు.

డాక్టరమ్మ_కాకినాడ
ఓవెన్స్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది కూడా. సినిమా హాల్లో నల్లవాళ్లకు సిఫిలిస్ గురించి డాలరు పుస్తకం అమ్ముతున్న ఆ రోజుల్లోనే, అలబామాలోని టస్కీగీ దగ్గర అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్లపై అధ్యయనం నడుపుతోంది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్. జబ్బు పేరు వాళ్లకు సరిగా చెప్పలేదు, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. 1932లో మొదలై 1972 దాకా సాగింది. రేడియోలో మాట పలకనివ్వలేదని ప్రసంగం మానేసిన పారన్ దొర 1936 నుంచి 1948 దాకా సర్జన్ జనరల్. ఆయన హయాంలోనూ అది ఆగలేదు. మోసగాళ్ల జాబితా రాసేటప్పుడు బ్యాబ్ పేరు ఎన్నో నంబరులో వేయాలో మీరే చెప్పండి.

గుంటూరు_లైబ్రరీ
బ్యాబ్ కనీసం నవ్వించే మోసగాడు. డ్వెయిన్ ఎస్పర్ అని ఇంకొకడు. 'నార్కోటిక్', 'మారిహువానా', పైన చెప్పిన 'సెక్స్ మ్యాడ్‌నెస్' ఇతని ఖాతాలోవే. 1933లో 'నార్కోటిక్' ఆడుతుంటే ప్రచారం కోసం థియేటరు లాబీలో ఒక ఎండిపోయిన శవాన్ని నిలబెట్టాడు, మత్తుమందులకు బలైనవాడు అని బోర్డు పెట్టి. నిజానికి అది ఎల్మర్ మెకర్డీ అనే రైలు దొంగ శవం. 1911లో ఓక్లహామాలో పోలీసుల కాల్పుల్లో చచ్చాడు. శవం పాడవకుండా మందు పెట్టి ఉంచిన అంత్యక్రియల దుకాణంవాడికి డబ్బిచ్చి తీసుకెళ్లేవాళ్లు లేక, అప్పటినుంచి తిరునాళ్లలో ప్రదర్శన. చేతులు మారీ మారీ చివరికి అది బొమ్మ అనుకున్నారు. 1976లో కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లో ఒక వినోదశాలలో టీవీ సీరియల్ షూటింగ్ చేస్తూ, 'బొమ్మ'ను జరుపుతుంటే చెయ్యి ఊడింది, లోపల ఎముక. మరుసటి ఏడు ఓక్లహామాలో పూడ్చిపెట్టారు.

'రీఫర్ మ్యాడ్‌నెస్' కూడా ఎస్పర్ చేతిలో పడిందే. 1936లో 'టెల్ యువర్ చిల్డ్రన్' అన్న పేరుతో లూయీ గానియే తీసింది. ఇతను కొని, కోసి, మసాలా కలిపి తిప్పాడు. 1972లో గంజాయి చట్టాలు మార్చాలని పోరాడే సంస్థ నాయకుడు కీత్ స్ట్రూప్ ఒక ప్రింటు కొని కాలేజీల్లో వేస్తే, పిల్లలు పడీపడీ నవ్వారు.

మాధవి_రాతలు
శవానికి నోరు లేదు సరే, బతికున్న మనిషి సంగతి వినండి. డోరతీ డావెన్‌పోర్ట్ అనే నటి, భర్త వాలెస్ రీడ్ పెద్ద హీరో, మార్ఫిన్ వ్యసనంతో 1923లో పోయాడు. ఆమె 'మిసెస్ వాలెస్ రీడ్' అన్న పేరు పెట్టుకునే సంస్కరణ సినిమాలు తీసింది. పైన పాతరీలు గారు చెప్పిన 'రోడ్ టు రూయిన్' 1934 సినిమా దర్శకుల్లో ఆమె ఒకరు. ఆమెది వేషం అని నేననుకోను, సొంతంగా దెబ్బ తిన్న మనిషి.

కానీ 1925లో 'ది రెడ్ కిమోనో' తీసింది. వ్యభిచారంలోకి నెట్టబడి, మోసం చేసినవాణ్ని కాల్చి, కోర్టులో నిర్దోషిగా విడుదలైన ఒక స్త్రీ కథ. నిజంగా జరిగింది. సినిమాలో ఆమె అసలు పేరే వాడారు, ప్రకటనల్లోనూ వేశారు. అప్పటికి ఆవిడ పెళ్లి చేసుకుని, గతం ఎవరికీ తెలియకుండా గౌరవంగా బతుకుతోంది. పతిత స్త్రీలను ఆదుకోండి అని చెప్పే సినిమా, ఆదుకోవాల్సిన మనిషినే ఊరి ముందు నిలబెట్టింది. ఆమె పేరు నేనిక్కడ రాయను. ఆమె కోర్టుకు వెళ్లిందే దాని గురించి.

ప్లీడరు_బాబాయ్
గెలిచింది కూడా. 1931, మెల్విన్ వర్సెస్ రీడ్. వ్యక్తిగత గోప్యత గురించి కాలిఫోర్నియాలో తొలి తీర్పుల్లో ఒకటి, లా కాలేజీల్లో ఇప్పటికీ చెబుతారు. మంచి ఉద్దేశంతో తీశాం అన్న వాదన అక్కడ పని చేయలేదు.

బెర్లిన్_కిరణ్
అమెరికా ఒక్కటే కాదు. 1918 నవంబరులో జర్మనీలో రాచరికం పోయి సెన్సారు ఎత్తేశారు. వెంటనే ఇక్కడ 'జ్ఞానోదయ చిత్రాలు', అంటే లైంగిక విషయాలు బోధిస్తామనే సినిమాలు, వెల్లువలా వచ్చాయి. అందులో చెత్త చాలా ఉంది. రిచర్డ్ ఓస్వాల్డ్ 1919లో తీసిన 'ఆండర్స్ ఆల్స్ డీ ఆండర్న్' మాత్రం వేరు. స్వలింగ ప్రేమ నేరమనే 175వ సెక్షను మీద సూటిగా దాడి. బెదిరింపులకు బలైపోయే వయొలిన్ విద్వాంసుడిగా కాన్రాడ్ ఫైట్. డాక్టరు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ స్వయంగా తెరమీదకు వచ్చి ఉపన్యాసం ఇస్తాడు. ఎలియట్ ఫోర్బ్స్ లాంటి ఉత్తుత్తి డాక్టరు కాదు, అసలు డాక్టరు.

ఫలితం? 1920లో సెన్సారు చట్టం మళ్లీ వచ్చింది, ఈ సినిమాను డాక్టర్లకు మాత్రమే చూపించాలి అన్నారు. ఇవాళ ముక్కలే మిగిలాయి. నకిలీ పాఠాలు వందలు రావడం వల్ల జరిగిన అసలు నష్టం ఇదే అంటాను. నిజమైన పాఠం వచ్చినప్పుడు కూడా 'ఆ, ఇదీ ఆ బాపతే' అనేయడం తేలికైంది.

చిట్టిబాబు_70ఎంఎం
మన దగ్గర 1974లో బి.కె. ఆదర్శ్ తీసిన హిందీ 'గుప్త్ జ్ఞాన్' ఇలాగే విజ్ఞానం పేరు చెప్పుకుని వచ్చి బ్రహ్మాండంగా ఆడింది. ఇక బస్టాండు గోడల మీద 'రహస్య వ్యాధులకు చికిత్స, ఫలానా లాడ్జి, ప్రతి నెలా ఫలానా తేదీ' ప్రకటనలు ఎవరికి తెలియవు? తెల్లకోటు ఒక్కటి చాలు.

డాక్టరమ్మ_కాకినాడ
ఆ గోడ ప్రకటనల రోజుల్లోనే స్వాతి వారపత్రికలో సమరం గారి ప్రశ్నలు-జవాబులు కూడా ఉండేవి బాబూ. ఇంట్లో అందరూ ముందు ఆ పేజీయే తిప్పి, ఎవరూ చదవనట్టు మూసేసేవాళ్లు. ఆ శీర్షిక చదివి లాడ్జి డాక్టరు దగ్గరకు వెళ్లడం మానేసినవాళ్లు నాకు తెలుసు.

పాతరీలు
ఈ సినిమాలు ఎప్పుడు ఆగాయి? జనానికి విసుగొచ్చిందా?

ప్లీడరు_బాబాయ్
విసుగు కాదు, అవసరం తీరింది. 1952లో సుప్రీంకోర్టు 1915 నాటి తన మాట వెనక్కి తీసుకుని సినిమాకూ వాక్‌స్వాతంత్ర్యం ఉందంది. 1957లో న్యూయార్క్ పై కోర్టు, నగ్నత్వం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని ఒక సినిమా కేసులో తీర్పిచ్చింది. 1959లో రస్ మేయర్ ఒక సినిమా తీశాడు, అందులో రోగం లేదు, నీతి పాఠం లేదు, చావూ లేదు, ఒంటి మీద బట్టల్లేని అమ్మాయిలు మాత్రం ఉన్నారు. పెట్టినదానికి ఎన్నో రెట్లు డబ్బొచ్చింది. ఆ తర్వాత నర్సుకు జీతం ఎవడిస్తాడు? మీ మొదటి ప్రశ్నకు నా సాక్ష్యం ఇదే బాబూ. చట్టం తలుపు తీయగానే పాఠం మాయమైంది.

మాధవి_రాతలు
బాబాయ్ గారూ, పాఠంతోపాటు ఆడవాళ్ల షో కూడా మాయమైంది. రస్ మేయర్ సినిమాకు మధ్యాహ్నం రెండింటి ఆట ఎవరికోసం వేశారో మరి.

ఒహాయో_శారద
కొసరుగా ఒకటి. 'మామ్ అండ్ డాడ్' 2005లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలోకి ఎక్కింది, దేశం భద్రపరచాల్సిన సినిమాల్లో ఒకటిగా. బ్యాబ్ బతికుంటే ఆ సర్టిఫికెట్ పోస్టర్ మీద వేసి టికెట్ ధర పెంచేవాడు.

పాతరీలు
ఈ వారం ఏది చూడమంటారు?

గుంటూరు_లైబ్రరీ
ఎస్పర్ 1934లో తీసిన 'మేనియాక్'. పిచ్చి శాస్త్రవేత్త, పిల్లి కన్ను తినేసే మనిషి. మధ్యమధ్యలో కథ ఆపి మానసిక వ్యాధుల నిర్వచనాలు కార్డుల మీద వేస్తాడు. కాపీరైటు లేదు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భోజనం ముందే కానిచ్చేయండి.